లైను మీద ఎవరూ లేరట

వొత్రుబా కొట్టుకి వచ్చేవాళ్ళు బోలెడుమంది, కొనేవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఈ సంగతి మా ఊరు ప్లెస్కాలో కుక్కలకి కూడా తెలుసు. తెలియనిది ఆక్సెల్ ఒక్కడికే.

అతను వచ్చిన శనివారం నేనూ అక్కడే ఉన్నాను. కిటికీ పక్కనున్న బెంచీ మీద, వోండ్రా తాతకి ఇవతల, నాకంటూ ఒక చోటుంది. శనివారం పొలాల నుంచి ఊళ్ళోకి రావడం, గుడ్లూ వెన్నా అమ్ముకోవడం, ఆ తర్వాత వొత్రుబా కొట్టులో కూర్చుని ఊరికే పాటలు వినడం మా అందరికీ అలవాటు. బ్యాంకు మూతపడి, వాన మొహం చాటేసిన దగ్గర్నుంచి ఊరికే దొరికేదేదైనా మాకు రెట్టింపు రుచి. కొట్టులో ఓ గోడ నిండా అకార్డియన్లు, బాకాలు. ఎదుటి గోడకి వాషింగ్ మెషీన్లు, రేడియోలు, ఓ మూల లాంతరు సామాను. మధ్యలో పియానో. పియానో ముందు వొత్రుబా కూతురు లిబుషా. దాని వేళ్ళల్లో తేనె, నోట్లో కారం.

తలుపు తోసుకుని లేతరంగు సూటొకటి లోపలికొచ్చింది. అందులో మనిషి కూడా ఉన్నాడని తర్వాత తెలిసింది. కాళ్ళకి తెల్ల బూట్లు! పొలాల్లో దుమ్ము తప్ప మరేమీ పండని ఏడాది తెల్ల బూట్లేసుకుని నెబ్రాస్కా మట్టిరోడ్ల మీద తిరిగేవాణ్ణి ఏమనాలో నాకా క్షణాన తోచలేదు. తర్వాత చాలా తోచాయి.

"నా పేరు ఆక్సెల్ థోర్సన్ అండీ. వాషింగ్ మెషీన్ల కంపెనీ వాళ్ళు ఒమహా నుంచి పంపారు," అని టోపీ తీసి బెంచీ మీదున్న మాకందరికీ వంగి మరీ తల ఊపాడు. "ఇంతమంది కొనేవాళ్ళా! వొత్రుబా గారూ, మీ వ్యాపారం పడిపోయిందన్నారే మావాళ్ళు!"

వొత్రుబా మంచివాడు. అంటే, ఆయన నోరు తెరిచేలోపు అడిగినవాడు ఇంటికెళ్ళిపోయేంత నెమ్మదస్తుడు. జవాబు లిబుషా ఇచ్చింది.

"వీళ్ళు కొనేవాళ్ళు కాదు, కూర్చునేవాళ్ళు."

"కూర్చున్నవాళ్ళ చేత కొనిపించడమే కదండీ నా పని."

"అయితే వోండ్రా తాతతో మొదలుపెట్టండి. ఆయన కూర్చుని నాలుగేళ్ళయింది."

మేం నవ్వాం. అతనూ నవ్వాడు. అది చూసి లిబుషాకి ఒళ్ళు మండింది. తను వెక్కిరిస్తే ఉడుక్కోవాలిగాని నవ్వడమేమిటని దాని బాధ.

ఆక్సెల్ కోటు విప్పి, ఓ మెషీను మోటారు వేసి, తడి తువ్వాలు పట్టుకుని పిండే రోలర్ల పక్కన నిలబడి ఉపన్యాసం అందుకున్నాడు. "చూడండమ్మా, రెక్కలు విరుచుకుని పిండక్కర్లేదు. కొస అందిస్తే చాలు, మిగతాది అదే లాక్కుంటుంది."

అది లాక్కుంది. తువ్వాలుతో పాటు అతని టై కూడా లాక్కుంది. మాట మధ్యలో మనిషి వంగిపోయి, ముక్కు వెళ్ళి రోలర్లకి ఆనింది. కింద తెల్ల బూట్లు రెండూ టకటకా కొట్టుకుంటున్నాయి.

లిబుషా పియానో మూత వేసి, లేచి, నడిచొచ్చి, మెషీను పక్కనున్న మీట నొక్కింది. రోలర్లు విడిపోయాయి.

"చూశారుగా," అంది మావైపు తిరిగి. "పట్నం మనిషినైనా సరే, చుక్క నీరు మిగలకుండా పిండేస్తుంది."

ఆక్సెల్ మొహం బీటుదుంపలా ఉంది. "మీరు మీట నొక్కే ముందు పియానో మూత వేశారు," అన్నాడు ఊపిరి తీసుకుంటూ.

"దుమ్ము పడుతుంది మరి. అది ఖరీదైంది."

అతను వచ్చిన అసలు పని ఆ సాయంత్రం బయటపడింది. ఆగస్టు చివరికి, ఎండాకాలం వెళ్ళేలోపు, ఒక్క మెషీనైనా అమ్ముడుపోకపోతే కంపెనీ తన మెషీన్లన్నీ ట్రక్కెక్కించుకుని పోతుంది. మా ఊళ్ళో అకార్డియన్ కొన్నవాడి మొహం చూసి రెండేళ్ళు దాటింది. ఆ కొట్టు తలుపులు ఇంకా తెరిచి ఉన్నాయంటే మెషీన్ల మీద ఆశతోనే. అవి పోతే వొత్రుబా తన పెద్ద బాకా చంకన పెట్టుకుని అన్నగారి పంచన చేరాలి, లిబుషా ఒమహాలో ఎవరింట్లోనో అంట్లు తోమాలి. తాత కట్టిన కొట్టు, చనిపోయిన తల్లి నవ్వుతూ తిరిగిన కొట్టు. అది మూతపడుతుందంటే ఆ పిల్లకి గొంతు నొక్కినట్టే.

ఆక్సెల్ కొట్టు వెనక గదిలో దిగి మా మీద దండయాత్ర మొదలుపెట్టాడు.

"ఒక్కరే కొనలేకపోతే నలుగురు కలిసి కొనండి, వంతులేసుకుని వాడుకోండి," అన్నాడు ఓ శనివారం బార్బొరాతో. బార్బొరా మా పక్క పొలం మనిషి, తొమ్మిదిమంది పిల్లల తల్లి.

ఆవిడ అతన్ని జాలిగా చూసింది. "సోమవారం నలుగురికీ ఒకేసారి వస్తుంది నాయనా."

"మంగళవారం ఉతుక్కోవచ్చుగా?"

మా దగ్గర సోమవారం ఉతుకుతారు, మంగళవారం ఇస్త్రీ చేస్తారు. మంగళవారం తాడు మీద తడిబట్టలు కనిపించిన ఇంటికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు.

"నువ్వసలు క్రైస్తవుడివేనా?" అని అడిగాడు వోండ్రా తాత.

"డేనిష్‌వాణ్ణండీ."

"అదీ సంగతి," అన్నాడు తాత.

లిబుషా పియానో మీద చావుపాట ఒకటి నెమ్మదిగా వాయించింది. ఆక్సెల్ దానివైపు చూశాడు. అది పియానో మెట్లవైపు చూసింది. కాని చెవులు ఎర్రబడ్డాయి. నా కళ్ళకి ఇలాంటివి బాగా ఆనుతాయి.

ఇక మా లైను గురించి చెప్పాలి. మా పొలాల ఇళ్ళన్నిటికీ, వొత్రుబా కొట్టుకీ కలిపి ఒకటే టెలిఫోను తీగ. ఎవరికి ఫోనొచ్చినా అందరిళ్ళలోనూ మోగుతుంది, ఎవరి గంట వాళ్ళకి వేరు. ఒకే ఒక్క పొడుగు గంట మోగితే మాత్రం అందరూ ఎత్తాలి. ఆదివారం సాయంత్రం వొత్రుబా ఆ పొడుగు గంట కొట్టి, రిసీవరు తీసి వేలాడదీసి, గోడ ఫోను మూతి ముందు రేడియో పెట్టేవాడు. రేడియో లేనివాళ్ళం రిసీవరు చెవికి ఆనించుకుని బ్యాండు మేళం వినేవాళ్ళం. రేడియో లేనివాళ్ళంటే అందరమూ.

"తేరగా వినిపిస్తుంటే రేడియో ఎవరు కొంటారండీ?" అని ఆక్సెల్ నెత్తి కొట్టుకున్నాడు.

"మంచిరోజులొస్తే కొంటార్లే బాబూ," అన్నాడు వొత్రుబా. మంచిరోజులు ఏ బండిలో వస్తున్నాయో ఆయనే చెప్పాలి.

ఈ లైనుకో నియమం ఉంది. పక్కవాళ్ళ ఫోను అందరూ వింటారు. విన్నట్టు మాత్రం చచ్చినా ఒప్పుకోరు. దగ్గొస్తే దిండు అడ్డం పెట్టుకోవాలి. బార్బొరా చెల్లెలికి కవలలు పుట్టారని ఫోనులో విన్నా సరే, మర్నాడు ఆవిడొచ్చి చెప్పినప్పుడు "అయ్యో, నిజంగానా!" అని నోరు తెరవాలి. నేను చాలా బాగా తెరుస్తాను.

జూలైలో ఓ ఆదివారం వొత్రుబా బ్యాండు సాధనకి హాలుకి వెళుతూ, "మేళం అయిపోగానే ఆపెయ్ బాబూ," అని ఆక్సెల్‌కి చెప్పాడట. మేళం అయిపోయింది. ఒమహాలో పెరిగిన ఆ బుర్ర రేడియో ఆపేసింది. రిసీవరు అలాగే వేలాడుతోంది. మర్యాదస్తులైతే మేమే పెట్టెయ్యాలి. పెట్టబోతుండగా లిబుషా గొంతు వినపడింది.

"మేళం నాకేం బాగుంటుంది? ఇందాకటిదాకా అటు చెవులు ఆనించుకుని కూర్చున్నవాళ్ళని అడగండి ఎలా ఉందో."

"ఎవరో ఒకళ్ళు కొంటారండీ. వోండ్రా తాత నిన్న మెషీను చుట్టూ రెండుసార్లు తిరిగాడు."

"వోండ్రా తాతా? పెళ్ళినాటి చొక్కా ఇంకా ఒంటిమీద నుంచి దించలేదు, ఆయనకి వాషింగ్ మెషీను దేనికి? ఇక బార్బొరా పిన్ని తొమ్మిదిమందినీ ఒకే తొట్టి నీళ్ళలో ముంచుతుంది. తొమ్మిదోవాడి వంతు వచ్చేసరికి వాణ్ణి బురదలోంచి తీసినట్టుంటుంది. రుజేనా అత్త అయితే..."

రుజేనా అత్త అంటే నేనే.

"ఆవిడకి మెషీనెందుకు? బట్టలు ఆవిడ నాలిక మీద రుద్దుకుంటే మురికి దానంతటదే పారిపోతుంది. ఆవిడ కాల్చే కొలాచీ రొట్టెల్ని గుర్రాలకి లాడాలుగా కొట్టొచ్చు. అందరూ మా నాన్న మెత్తదనం మీద కూర్చుని తినేవాళ్ళే! నాలుగేళ్ళుగా మా పాటలు విన్నారు, చలికాలం మా పొయ్యి దగ్గర కాళ్ళు కాచుకున్నారు, ఒక్క వయొలిన్ తీగ కొన్న పాపాన పోలేదు. సిగ్గులేని మనుషులు!"

లైను మీద వోండ్రా తాత పిల్లికూతల ఊపిరి నాకు వినపడుతూనే ఉంది. బార్బొరా ఇంట్లో గడియారం కొట్టుకోవడం కూడా. "అమ్మాయ్, రిసీవరు పెట్టెయ్," అని ఎవరో ఒకరు గట్టిగా అరిస్తే దానికి వినపడేది. అరిస్తే విన్నట్టు ఒప్పుకున్నట్టే. అందుకని నియమానికి కట్టుబడి ఆసాంతం విన్నాం.

"మీకు వాళ్ళ మీద కోపం కాదు, కొట్టు పోతుందని దిగులు," అన్నాడు ఆక్సెల్.

"మీకెందుకు?"

"ఎందుకంటే... గడువు దాకా ఆగకుండా వెనక్కొచ్చెయ్యమని కంపెనీ పోయిన నెలే చెప్పింది. ఎండాకాలం చివరిదాకా చూస్తానని నేనే బతిమాలి ఉండిపోయాను. మెషీన్ల కోసం కాదు. పొద్దున్నే మీరు కొట్టు తెరిచి, ఎవరూ లేరనుకుని, ఒక్కరే పియానో వాయించుకుంటారు. వెనక గదిలో పడుకుని వింటాను. అది వినకపోతే ఇక నాకు తెల్లారేలా లేదు. మీరంటే నాకిష్టం లిబుషా గారూ."

లైను మీద ఎవరిదో ఊపిరి ఆగింది. నాదేనేమో.

"మీరు కూడా ఊరికే వింటున్నారన్నమాట," అంది లిబుషా. "వోండ్రా తాత పక్కన బెంచీ మీద ఇంకో చోటు ఖాళీగా ఉంది. వెళ్ళి కూర్చోండి."

బూట్ల చప్పుడు, తలుపు చప్పుడు. ఆ తర్వాత పియానో మీద ఒక్క మెట్టు, అంతే. వెళ్ళి కూర్చోమన్నప్పుడు లిబుషా గొంతు వణికింది. నేను విన్నాను. ఆ గాడిద వినకుండా వెళ్ళిపోయాడు.

మరుసటి శనివారం బెంచీ ఖాళీ. కోపమొచ్చిందని ఎవరూ అనలేదు, అనడానికి లేదు. బార్బొరాకి నడుం నొప్పి. ఇంకొకరి బండి చక్రం విరిగింది. ఆదివారం పొడుగు గంట మోగింది, ఒక్కరూ ఎత్తలేదు. మాకు రోషం ఎక్కువ. రోషానికి పైసా ఖర్చు లేదు కదా.

"వీళ్ళకేమైంది?" అని వొత్రుబా గుమ్మంలో నిలబడి దుమ్ముని అడుగుతున్నాడని విన్నాను.

ఆ పై శనివారం నేను మాత్రం లాంతరు వత్తి కోసం వెళ్ళాను. వత్తులు మా ఇంట్లో ఉన్నాయి. అక్కడెలా ఉందో చూడాలని వెళ్ళాను. లిబుషా అకార్డియన్లు తుడుస్తోంది. ఆక్సెల్ ఈ మూల, అది ఆ మూల. అంతలో వోండ్రా తాత వచ్చాడు. ఒంటి మీద సరికొత్త చొక్కా, మడత గీతలు ఇంకా పోలేదు. సూటిగా వెళ్ళి లిబుషా ముందు నిలబడ్డాడు.

"కొత్త చొక్కా," అన్నాడు.

"బాగుంది తాతా."

"పాతది విప్పాను. విప్పడం వచ్చు నాకు."

అంతే, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

లిబుషా చేతిలో గుడ్డ జారిపోయింది. ఫోనువైపు చూసింది. "ఆ ఆదివారం రిసీవరు ఎవరు పెట్టారు?"

"నేను రేడియో ఆపాను," అన్నాడు ఆక్సెల్.

"రిసీవరు?"

అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. మర్నాడు వొత్రుబాయే చూసి పెట్టి ఉంటాడు. లిబుషా నావైపు తిరిగింది. "అత్తా... నువ్వు..."

"నేనేం వినలేదు," అన్నాను గబగబా. "వినడమేమిటి?"

అక్కడే తేలిపోయింది. క్షమించమందామంటే ఎవరూ వినలేదాయె. వినలేదన్నవాళ్ళకి క్షమాపణ చెబితే, దొంగచాటుగా విన్నావని మొహం మీద అన్నట్టు. అది మొదటిదాని కన్నా పెద్ద తిట్టు.

లిబుషా పియానో స్టూలు మీద కూలబడి ఏడ్చింది. "మా నాన్న కొట్టు నా నోటితో నేనే మూసేశాను. తాళం కూడా అక్కర్లేదు." ఆ పిల్ల ఏడవగా చూడటం నాకదే మొదలు. తల్లి పోయినప్పుడు కూడా పళ్ళు బిగించుకుని నిలబడింది. నాకు జాలేసింది. కాని గుర్రపు లాడాలు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

"మాటలతో కుదరకపోతే మాటలు మానేద్దాం," అన్నాడు ఆక్సెల్ మెల్లిగా. "పెట్రోలుతో నడిచే మెషీను ఒకటుంది కదా. మీ నాన్నగారి పాత ట్రక్కులో వేసుకుని సోమవారాలు ఇంటింటికీ వెళదాం. వాళ్ళ బట్టలు ఉతుకుదాం."

"మీరెందుకు? బెంచీ మీద కూర్చోమన్నాను కదా."

"కూర్చుంటే నాకు నడుం నొప్పి."

మొదటి సోమవారం బార్బొరా ఇల్లు. ఆ రోజు జరిగింది ఆవిడ తన చెల్లెలికి ఫోనులో చెప్పింది. నాకెలా తెలిసిందని అడక్కండి.

"పిన్నీ, మెషీను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలి. మీ బట్టలేమైనా ఉంటే వేస్తావా?" అంది లిబుషా తల దించుకుని.

బార్బొరాకి అర్థమైంది. అర్థమై, పరదాలు తెచ్చింది, గుర్రం మీద కప్పే దుప్పటి తెచ్చింది, దాణా గోతాలు తెచ్చింది. మధ్యాహ్నమయ్యేసరికి ఇల్లంతా తాడెక్కింది.

"ఇంకేమైనా ఉన్నాయా పిన్నీ?"

"బట్టలు అయిపోయాయి. తొమ్మిదోవాడున్నాడు. బురదలోంచి తీసినట్టున్నాడు, కాస్త చూడు."

లిబుషా పెదవి కొరుక్కుని వాడికి తల నుంచి కాలిదాకా సబ్బు రుద్ది స్నానం చేయించింది. ఆక్సెల్ తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడట, నవ్వాపుకోలేక ఆ తువ్వాలు తన నోట్లోనే కుక్కుకున్నాడట.

అలా సోమవారానికో ఇల్లు. మిగతా రోజుల్లో ఉతకనిచ్చే ఆడది మా పరగణాలో లేదు. వాళ్ళిద్దరి మాటలూ గాలికి కొట్టుకొచ్చి అక్కడక్కడా వినపడేవి.

"రోలర్ల దగ్గర టై జాగ్రత్త."

"టై కట్టుకోవడం మానేశాను కదండీ."

"అవునా? అందుకా మనిషిలా కనిపిస్తున్నారు!"

"మీరు వెక్కిరించడం బాగా తగ్గించేశారు. ఒంట్లో బాగాలేదా?"

"నోరు అదుపులో పెట్టుకుంటున్నాను."

"నా విషయంలో అక్కర్లేదండీ. నాకు పొద్దెలా పోతుంది?"

అయితే ఇష్టం అన్న మాట మళ్ళీ అతను ఎత్తలేదు. అదీ ఎత్తలేదు. ఉతికించుకున్నవాళ్ళలో మెషీను కొంటామన్నవాళ్ళూ లేరు. చివరి సోమవారానికి మా ఇల్లు ఒక్కటే మిగిలింది. మర్నాడు కంపెనీ ట్రక్కు వస్తుంది, మెషీన్లతో పాటు ఆక్సెల్ కూడా ఎక్కుతాడు.

ఆ సోమవారం నేను మొహమాటపడలేదు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి పెట్టెలో ఉన్న బొంతలు కూడా తీసిచ్చాను. లిబుషా మాట్లాడకుండా ఉతికింది. వేళ్ళు సబ్బునీళ్ళకి నానిపోయి ముడతలు పడ్డాయి. పియానో వేళ్ళు. చూసి, లోపలికెళ్ళి ఓ కొలాచీ తెచ్చి చేతిలో పెట్టాను.

"తిను. ఎలా ఉంది?"

నమిలింది. చాలాసేపు నమిలింది. "గట్టిగా ఉంది అత్తా."

నా కొలాచీ గురించి నా మొహం మీద నిజం చెప్పినవాళ్ళు అంతకు ముందు లేరు. అది నాకు నచ్చిందని ఒప్పుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

బట్టలన్నీ తాళ్ళ మీదకి ఎక్కేసరికి పడమర నల్లబడింది. "దుమ్ము వస్తోంది, తియ్యండి!" అని కేకపెట్టాను. ఆక్సెల్ తల పైకెత్తాడు. అతని ముక్కు మీద ఏదో పడింది. తుడుచుకుని వేళ్ళు చూసుకున్నాడు. తడి.

ఆ తర్వాత ఆకాశం తొట్టి బోర్లించినట్టు కురిసింది. ఆక్సెల్ టార్పాలిన్ పట్టుకుని మెషీను ఇంజను మీదకి దూకాడు. లిబుషా బట్టల కోసం పరిగెత్తింది.

"వదిలెయ్!" అని అరిచాను. "తడవనీ! అన్నీ తడవనీ!"

అది తాళ్ళ మధ్య ఆగి, మొహం పైకెత్తి నవ్వింది. అలా నవ్వుతూనే ఏడ్చింది. "ఈ వాన నెల ముందొస్తే ఏం పోయింది అత్తా! అందరికీ ఆశ పుట్టేది. ఎవరో ఒకరు కొనేవాళ్ళు." అని, వాకిలి అవతల గాలికి ఎగిరే టార్పాలిన్‌తో కుస్తీపడుతున్న ఆ తెల్ల బూట్లవాడి వైపు చూసింది. కళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు. అప్పటికి ఆ బూట్లు మట్టిరంగులోకి వచ్చాయనుకోండి.

నా గుండె కరిగింది. ఇలాంటివి చెప్పుకోవడం నాకు చేతకాదు. అయినా కరిగింది.

దాని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చి, ఫోను దగ్గర నిలబెట్టి, పొడుగు గంట కొట్టాను. టిక్కు టిక్కుమని ఒక్కొక్కరే ఎత్తారు.

"నేను రుజేనాని. ఆ ఆదివారం మేళం అయిపోయాక లిబుషా అన్న మాటలన్నీ నేను విన్నాను."

తీగలో వాన గరగర తప్ప ఇంకో చప్పుడు లేదు. మా లైను వేసిన నాటి నుంచి అలాంటి మాట ఎవరూ అనలేదు.

"ఆసాంతం విన్నాను. నా కొలాచీల సంగతితో సహా. మీరూ విన్నారు. మనం దొంగచెవుల వాళ్ళం, అది నోటి తొందర పిల్ల. ఇంటింటికీ తిరిగి మన మురికి ఉతికింది. ఇంకేం చెయ్యాలి?"

ముందు ఓ దగ్గు వినపడింది. "నేనూ విన్నాను," అన్నాడు వోండ్రా తాత.

"నేనూ," అంది బార్బొరా. ఆ తర్వాత వరసగా "నేనూ", "నేనూ" అని అందరి గొంతులూ వచ్చాయి. నేను రిసీవరు లిబుషా చెవి దగ్గర, నా చెవి దాని పక్కన పెట్టాను.

"అందరూ నన్ను క్షమించండి," అంది అది. "అన్నవన్నీ నిజాలే. కాని అనకూడదు. నాకు భయమేసింది, అందుకే అన్నాను."

వోండ్రా తాత పకపకా నవ్వాడు. బార్బొరా అందుకుంది. "ఆ మెషీను ఎంత తెల్లగా ఉతికిందో మీతో చెప్పుకోలేక నెల రోజులుగా నా కడుపుబ్బిపోయింది! చెబితే అది మా ఇంటికొచ్చి ఎందుకు ఉతికిందో కూడా చెప్పాలి మరి. అందరం కలిసి ఒకటి కొనేద్దామే!"

"మరి సోమవారం ఎవరిది?" అని అడిగారెవరో.

"నేను గురువారం ఉతుక్కుంటాను," అన్నాను.

ఎవరో యేసుని తలుచుకున్నారు. తర్వాత బార్బొరా మంగళవారం తీసుకుంది. ఇక బుధవారానికీ శుక్రవారానికీ కొట్టుకున్నారు. వాటాల కింద కొందరు డబ్బు, కొందరు పందిపిల్లలు ఇస్తామన్నారు. లైను చివర్నుంచి వొత్రుబా గొంతు, "అయితే కొట్టు ఉంటుందా?" అంది. "ఉంటుంది నాన్నా," అంది లిబుషా, గోడకి తల ఆనించి.

"మెషీను సంగతి సరే," అన్నాడు వోండ్రా తాత. "ఆ డేనిష్ కుర్రాడి సంగతేంటి? నా పక్కన కూర్చోమన్నావు. నా పక్కన నాకు వద్దు. ఎక్కడ కూర్చోబెట్టుకుంటావో చెప్పు."

"తాతా!"

"ఏ కుర్రాడు? ఏమన్నాడు?" అన్నాడు వొత్రుబా. ఆ ఆదివారం బాకా ఊదుకోవడానికి వెళ్ళిన ఆయనొక్కడికే ఏమీ తెలియదు.

"నాన్నా, నువ్వు ఫోను పెట్టెయ్."

"నేనెందుకు పెడతానే?"

"చెప్పవే అమ్మాయ్, మళ్ళీ సోమవారం దాకా ఆగలేం!" అని బార్బొరా.

లిబుషా కళ్ళు మూసుకుంది. వాన హోరులో వినపడాలని గొంతు చించుకుని అరిచింది. "ఇష్టమే! ఆ రిసీవరు పెట్టడం రాని మనిషంటే నాకు ప్రాణం! రేపు ట్రక్కెక్కి వెళ్ళిపోతే నేను బతకలేను! చాలా?"

లైనంతా ఈలలు, కేకలు. అవి సద్దుమణిగాక వొత్రుబా నెమ్మదిగా అడిగాడు, "బాకా ఊదడం వచ్చా అతనికి?"

"రాదు నాన్నా."

"నేర్పుతాలే. భోజనానికి తీసుకురా."

మా వంటింట్లో నేను ముక్కు తుడుచుకున్నాను. జలుబు.

"మరి ఆ అబ్బాయికి చెప్పావా?" అంది బార్బొరా.

లిబుషా తలుపువైపు తిరిగింది. వాకిట్లో ఆక్సెల్ టార్పాలిన్ కింద దూరి, ఇంజనుని బిడ్డలా కావిలించుకుని కూర్చున్నాడు. ఒక్క ముక్క కూడా వినలేదు. మా తాలూకా మొత్తం మీద తెలియనివాడు వాడొక్కడే.

"వెళ్ళి చెప్పు," అన్నాను.

"మళ్ళీనా?"

"మళ్ళీ."

అది వానలోకి దిగింది. నేను రిసీవరు పట్టుకుని తీగ సాగినంత మేర గుమ్మం దాకా వెళ్ళాను. లిబుషా అతని ముందు నిలబడి ఏదో అంది. అతను టార్పాలిన్‌లోంచి తల బయటపెట్టాడు. ఇంకోసారి అంది. అతనేదో అడిగాడు. అది అతని భుజం మీద ఒక్కటిచ్చింది, ఇచ్చి, ఆ భుజం మీదే మొహం దాచుకుంది. అతను నానిపోయిన ఆ వేళ్ళని రెండు చేతుల్లోకి తీసుకుని, వంగి, ఏదో చాలాసేపు చెప్పాడు. వసారా రేకుల మీద వాన అంత మోత పెట్టడం నేను పుట్టి ఎరగను.

"ఏమంది? అతనేమన్నాడు? రుజేనా, ఏమంటున్నారు?" అని లైనంతా గోల.

"వినపడలేదు," అన్నాను. ఆ మాట నిజంగా అనడం నా జన్మలో అదే మొదటిసారి. "ఇక ఫోను పెట్టెయ్యండందరూ."

ఒక్కరూ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.